పొడిబట్టల ప్రమాణం

మా అక్క పోయి ఇరవై ఆరు రోజులైంది. ఆ పొద్దు నేను బడిలో తొమ్మిదో తరగతి పరీక్ష గదిలో ఉన్నాను. అటెండరు వచ్చి ఫోన్ చేతికిచ్చాడు. అవతల మేనల్లుడు. "మామా, రా" అన్నాడు, అంతే. ఎందుకని నేను అడగలేదు, వాడు చెప్పలేదు. జవాబు పత్రాలు పక్క టీచరు చేతిలో పెట్టి పాకాల బస్టాండుకు నడిచాను. చిత్తూరులో బస్సు మారి కాణిపాకం చేరేసరికి పదకొండు దాటింది.

అక్కను వసారాలో పడుకోబెట్టారు. ఆమె తల దగ్గర దీపం, కాళ్ల దగ్గర చుట్టాలు. గోడవారగా గరిక గంప ఉంది. ముందురోజు సాయంత్రం మేనకోడలు కోసుకొచ్చిన గరిక మీద తడిగోనె కప్పినది కప్పినట్టే ఉంది. నేను అక్క ముఖం చూడలేక ఆ గంపనే చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు వాళ్ల మంచి రాస్తారు. నేనూ రాస్తాను. కానీ దాని పక్కన నా చెడ్డ కూడా రాయాలి. అది దాచిపెడితే ఆమె మంచి మీకు సగమే తెలుస్తుంది.

మా అక్క నాకన్నా ఎనిమిదేళ్లు పెద్ద. బావ చిన్న వయసులోనే పోతే, ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని కాణిపాకం గుడి ముందు గరిక అమ్మడం మొదలుపెట్టింది. చివరిదాకా అదే పని. తెల్లవారగానే పొలంగట్ల మీద, కాలవ పక్కన లేత గరిక కోసుకొచ్చి గోనెపట్టా మీద పోసుకుని కూర్చునేది. ఇరవై ఒక్క పోచలు ఎంచి, మొదళ్లు సమంగా తట్టి, తడిపిన అరటినారతో రెండు చుట్లు చుట్టి ముడివేస్తే ఒక కట్ట. వినాయకుడికి ఇరవై ఒక్కటి పెట్టాలని పట్టింపు. ఎంచుతుండగా ఎవరైనా పలకరిస్తే లెక్క తప్పేది. తప్పితే, చేతిలో ఉన్నవన్నీ గోనె మీద పరిచేసి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేది.

"ఇంకో రెండు పెట్టి కట్టెయ్యి అక్కా. ఎవురు ఎంచి చూస్తారు?" అన్నాను ఒకసారి, బస్సుకు ఆలస్యమవుతోందని.

"లెక్క తప్పితే అందాజుగా కట్టగూడదురా" అంది తల ఎత్తకుండానే. "ఇప్పి మొదుట్నించి ఎంచాల. నీ బస్సు పోతే ఇంకోటొస్తాది."

ఆమె గొప్పల్లో ఇంకొకటి ఉంది. కాణిపాకంలో ప్రమాణాల సంగతి మా జిల్లా వాళ్లకు చెప్పనక్కర్లేదు, బయటివాళ్ల కోసం చెబుతాను. తగాదా తెగకపోతే ఊరి పెద్దలు ఇద్దరినీ ఇక్కడికి తీసుకొస్తారు. తప్పు చేయలేదనేవాడు తలమీదుగా స్నానం చేసి, తడిబట్టలతో స్వామి ముందు నిలబడి ఆ మాట చెప్పాలి. చెప్పాడంటే ఇక దానికి తిరుగులేదు. మా అక్క కూర్చునే చోటి నుంచి వాళ్లంతా కనిపించేవాళ్లు. సగం మంది స్నానం దాకా వచ్చి, "పోనీలేప్పా, నాదే తప్పు" అని తిరుక్కునేవాళ్లట. లోపలికి పోయి వచ్చినవాడు అబద్ధం చెప్పాడో నిజం చెప్పాడో ముఖం చూస్తే తనకు తెలిసిపోతుందని అక్క అనేది. మేము నవ్వేవాళ్లం. ఆమె మాత్రం దీన్ని వేళాకోళంగా ఎప్పుడూ అనలేదు.

నా ముఖం చూసి ఆమెకు తెలియలేదు. నేను తమ్ముణ్ణి కాబట్టి సరిగా చూడలేదనుకుంటాను.

మా అమ్మ చెనిక్కాయ చేలల్లో కూలికి పోయేది. నన్ను పెంచింది అక్కే. నడుం మీద ఎత్తుకుని తిప్పింది, అన్నం పెట్టింది, కడిగింది, బడికి తోలింది. ఆమె చదువు ఆరో తరగతితో ఆగిపోయింది. నేను పదో తరగతిలో ఉండగా అమ్మకు జబ్బు చేసింది. రక్త విరేచనాలన్నారు, దిష్టి అన్నారు, ఎవరో పెట్టిన మందన్నారు. ఆరునెలల్లో అమ్మ కట్టెలా అయిపోయి పోయింది. ఆ ఆరునెలలూ అమ్మ గుడ్డలు ఉతికింది అక్క. నన్ను ఆ గదిలోకి రానిచ్చేది కాదు. ఆ ఉతుకుడు ఆమె జీవితాంతం మరచిపోలేదని తర్వాత తెలిసింది.

ఇక నా సంగతి. నేను సైన్సు మాస్టర్ని. ఏటా బోర్డు మీద పెద్దపేగు బొమ్మ గీసి, ఇది దీని పని అని చెబుతాను. అలాంటి నాకు నాలుగేళ్ల కిందట విరేచనంలో రక్తం పడితే, మూడు నెలలపాటు మొలలే అనుకుని ఊరుకున్నాను. చివరికి తిరుపతిలో ఒక ఆసుపత్రిలో కెమెరా గొట్టం వేసి చూశారు. పెద్దపేగు చివరి భాగంలో గడ్డ. ముక్క తీసి పరీక్ష చేస్తే క్యాన్సర్ అని తేలింది.

ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ నాకు బొమ్మ గీసి చూపించింది. నేను పిల్లలకు గీసే బొమ్మే, ఆమెది ఇంకా బాగుంది. కడుపు మొత్తం కోయరట. బొడ్డు దగ్గర ఒకటి, అటూ ఇటూ మూడు, మొత్తం నాలుగు చిన్న రంధ్రాలు. ఒకదాంట్లోంచి కెమెరా, మిగతావాటిలోంచి సన్నటి పొడుగాటి పనిముట్లు. టీవీలో చూస్తూ లోపలే గడ్డ ఉన్న జానెడు పేగును కత్తిరించి, మిగిలిన రెండు కొసలు కలిపేస్తారు. తీసిన ముక్కను బొడ్డు కింద రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి బయటికి లాగుతారు. అన్నట్టే చేశారు. మర్నాడే నన్ను లేపి నడిపించారు. ఆరో రోజు ఇంటికి పొమ్మన్నారు. జబ్బు పేగు దాటి ఎక్కడికీ పోలేదని, టైముకు వచ్చానని, మందులు ఎక్కించే అవసరం కూడా లేదని చెప్పారు.

"కోత చిన్నదని జబ్బు చిన్నదనుకోవద్దు మాస్టారూ" అంది డాక్టరమ్మ. తర్వాత మా ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని అడిగింది. అమ్మ సంగతి చెప్పాను. ఆమె కలం ఆగింది. తోబుట్టువులు ఎంతమంది అని అడిగింది. ఒక అక్క అన్నాను.

"ఆమెను వెంటనే తీసుకురండి. ఇది ఇంటి మనుషుల్లో వచ్చేలా ఉంది. గడ్డ కాకముందు ఇది చిన్న పిలకలా ఉంటుంది. కెమెరా వేసినప్పుడే దాన్ని తీసిపడేయొచ్చు. మీకు చేసిన ఈ ఆపరేషన్ కూడా ఆమెకు అక్కర్లేకుండా పోతుంది."

మరచిపోతానని చీటీ కూడా రాసిచ్చింది. తోబుట్టువులకు, వాళ్ల పిల్లలకు పెద్దపేగు కెమెరా పరీక్ష తప్పనిసరిగా చేయించాలి అని తెలుగులోనే రాసి, కింద రెండు గీతలు గీసింది. నేను దాన్ని మడిచి ఫైల్లో పెట్టుకున్నాను.

క్యాన్సర్ అన్న సంగతి నా భార్యకు తప్ప ఎవరికీ తెలియకూడదని అప్పటికే అనుకున్నాను. ఎందుకని అడిగితే ఇప్పుడు నాకే నవ్వొచ్చే కారణాలు. మా బడిలో లెక్కల మాస్టారికి గొంతులో క్యాన్సర్ వచ్చి సెలవు పెట్టినప్పుడు, స్టాఫ్‌రూంలో అందరం "ఎంత బాగా చెప్పేవాడు, ఎంత మంచోడుగా ఉండేవాడు" అని మాట్లాడుకున్నాం. ఆయన బతికే ఉన్నాడు. బాగై తిరిగొచ్చి మాతో కలిసి టీ కూడా తాగాడు. ఆ మాటల్లో నా మాటలూ ఉన్నాయి. నన్ను అలా మాట్లాడుకుంటారని భయం. దానికి తోడు జబ్బు వచ్చిన చోటు. పిల్లలకు తెలిస్తే నాకు ఏ పేరు పెడతారో నాకు తెలుసు, పేర్లు పెట్టడంలో మా బడి పిల్లలు గట్టివాళ్లు. అందుకే మొలల ఆపరేషన్ అని చెప్పాను. మొలలంటే నవ్వి వదిలేస్తారు. క్యాన్సరంటే నవ్వరు, మనిషిని కింది నుంచి పైదాకా చూస్తారు.

ఆపరేషన్ అయిన మూడో రోజు మధ్యాహ్నం అక్క వచ్చింది. చేతిలో స్టీలు క్యారియర్లో జావ, కొంగు ముడిలో స్వామి గరిక. నా చొక్కా పైకెత్తి నాలుగు ప్లాస్టర్లు చూసింది.

"ఇంతేనా?"

"ఇంతే."

కాసేపు ఆలోచించింది. ఆరో తరగతి చదివిన మనిషి అడగకూడని ప్రశ్న అడిగింది.

"మొలలకి బొడ్డుకాడ కోసేదేందిరా?"

అప్పుడు నేను చేసిన పనికి ఇప్పటికీ సిగ్గుతో ఒళ్లు చచ్చిపోతుంది. పిల్లలకు పాఠం చెప్పే గొంతుతో చెప్పాను. మొలలు ముదిరితే పేగు కిందికి జారుతుందని, దాన్ని లోపల్నించి పైకి లాగి కట్టాలని, అందుకే పైనుంచి కెమెరా వేశారని. చేత్తో చూపిస్తూ మరీ చెప్పాను. ముప్పై ఏళ్లు సైన్సు చెప్పి సంపాదించిన మాటకారితనమంతా అక్కడ పనికొచ్చింది.

అక్క తల ఊపింది. క్యారియర్ మూత తీసి, మళ్లీ పెట్టేసింది.

"అమ్మకొచ్చిందేమోనని నాకు గుండెల్లో రాయి పడిందిరా. అది కాదు గదా?"

"కాదక్కా."

"సామి మీద?"

ఇంట్లో మాకు అది మామూలు మాట. చిన్నప్పుడు బెల్లం ఎవరు తిన్నారన్నా అదే అడిగేది. పరుపు మీద ఆసుపత్రి చొక్కాలో, పొడిగా, గోరువెచ్చగా ఉన్నాను. స్నానం లేదు, గుడి లేదు, తడిబట్టలు లేవు. ఇది ప్రమాణం కిందికి రాదని మనసులో ఒక లెక్క వేసుకున్నాను.

"సామి మీద" అన్నాను.

అక్క గట్టిగా ఊపిరి వదిలింది. కొంగు ముడి విప్పి గరిక నా దిండు కింద పెట్టింది. మంచం పక్కన నేల మీద తుండుగుడ్డ పరుచుకుని పడుకుని, ఐదు నిమిషాల్లో గురక పెట్టింది. అమ్మ పోయినప్పటి నుంచి మోస్తున్న భయాన్ని నా మాట విని దించుకున్న మనిషి నిద్ర అది. నేను ఆ గురక వింటూ, ఇంత చిన్న అబద్ధం ఎంత హాయినిచ్చిందో అనుకున్నాను.

పాకాలలో మా ఇంట్లో పదిహేను రోజులుంది. మెత్తగా వండిన అన్నంలో పలచటి చారు పోసి పిసికి పెట్టింది. రాగిసంగటి అడిగితే కళ్లెర్ర చేసింది. నేను నడవడానికి లేస్తే వెనకే చెయ్యి పట్టి నడిచింది. చీటీ బీరువాలో ఫైల్లో ఉంది. చెబుదాం, కాస్త కోలుకున్నాక చెబుదాం అనుకున్నాను. కోలుకున్నాక, ఆమె గుండ్రాయిలా ఉంది గదా, భయపెట్టడం దేనికి అనుకున్నాను. అసలు సంగతి వేరు. ఆ చీటీ ఇవ్వాలంటే ముందు నా ప్రమాణం అబద్ధమని చెప్పాలి. కాణిపాకం గుడి ముందు కూర్చునే మనిషితో ఆ మాట చెప్పే ధైర్యం నాకు లేదు.

రెండున్నరేళ్లు గడిచాయి. నేను ఏటా డాక్టరమ్మ దగ్గరికి పోయి నా పేగు చూపించుకుని వస్తూనే ఉన్నాను. అది మాత్రం మరచిపోలేదు. అక్క సంగతి ఆమె అడుగుతుందేమోనని పోయిన ప్రతిసారీ భయమే, అడగలేదు.

ఒక శ్రావణమాసం శుక్రవారం గుడికి పోయి అక్క పక్కన గోనె మీద కూర్చున్నాను. ఆమె గరిక ఎంచుతూనే, "నీ మొలలు నాక్కూడా వచ్చినట్టుండాయిరా. నెల నుంచి రక్తం పడతా ఉండాది. నీకేం మందిచ్చినారు?" అంది. ఏదో ఊరి సంగతి చెప్పినట్టు చెప్పింది.

"తిరపతికి పోదాం పా అక్కా, ఒకసారి చూపిద్దాం" అన్నాను.

"సవితి పండగ ముందరా? బ్రహ్మోత్సవాలు అయిపోనీ, సూద్దాం."

ఆ క్షణంలో నేను చెప్పాల్సిన మాట ఒకటే ఉంది. నాది మొలలు కాదక్కా. ఇంతే. ఆ మాట చెబితే గంప అక్కడే వదిలి లేచి వచ్చేది, నాకు తెలుసు. నేను చెప్పలేదు. ఇసబ్గోల్ పొట్టు నీళ్లలో కలుపుకుని తాగమన్నాను, ఆకుకూరలు తినమన్నాను. ఆమె వాయిదా వేసినందుకు నాకు కలిగింది భయం కాదు, ఊరట. ఇది రాయడానికి నాలుగు రోజులు పట్టింది నాకు.

ఉత్సవాలయ్యాక రెండుసార్లు ఫోన్‌లో అడిగాను. "తగ్గిందిలేరా, నువ్వు సెప్పిన పొట్టు బాగా పనిచేసింది" అంది. ఇంట్లో తమ్ముడికి వచ్చిన మొలలే తనకూ వచ్చాయి, తమ్ముడికి తగ్గింది, తనకూ తగ్గుతుంది. ఆమె నమ్మకం అంత సాఫీగా ఉంది. దానికి పునాది నేను ఆసుపత్రి మంచం మీద అన్న రెండు మాటలు. ఇంకెవరైనా మొలలని చెప్పి ఉంటే అనుమానపడేదేమో. స్వామి మీద చెప్పినదాన్ని అనుమానించడం ఆమెకు చేతకాదు.

మరుసటేడు వేసవిలో పాకాల బస్టాండులో ఆమె బస్సు దిగుతుంటే చూశాను. జాకెట్టు భుజాల మీద నిలవడం లేదు. గాజులు మోచేతి దాకా జారిపోయి ఉన్నాయి. నేను ఇంకేమీ అడగలేదు. చిత్తూరులో మొబైల్ షాపులో పనిచేసే మేనల్లుడికి ఫోన్ చేసి పిలిపించాను. మర్నాడు ముగ్గురం తిరుపతి పోయాం. నేను పక్క ఆసుపత్రికి పోదామన్నాను, వేరే డాక్టరు పేరు చెప్పాను. మేనల్లుడు వినలేదు. "మామకి ఆపరేషన్ చేసినామె ఉండాది గదా, ఆమె దగ్గిరికే పోదాం" అన్నాడు.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ మమ్మల్ని లోపలికి పిలిచింది. నన్ను చూసి పలకరింపుగా నవ్వింది. కాగితాల మీద పేరు, ఊరు చూసి నవ్వు ఆపేసింది.

"ఈమె మీ అక్కగారా మాస్టారూ? అప్పుడు మీకు చీటీ రాసిచ్చానే. తోబుట్టువులకు పరీక్ష చేయించమని. చేయించలేదా?"

మేనల్లుడి తల నా వైపు తిరగబోతోంది. నేను నోరు తెరిచాను. ఏం చెప్పేవాణ్ణో ఈరోజుకీ తెలియదు.

"ఇచ్చినాడు మేడమ్" అంది అక్క. "నాకు అప్పుడే ఇచ్చినాడు. పోదాం పా అని నా పానం తీసినాడు. నేనే, గుడికాడ పనుండాదని పోలా."

ఏ చీటీయో ఆమెకు తెలియదు. అందులో ఏముందో తెలియదు. కొడుకు తల తిరిగేలోపల నా మూడేళ్ల అబద్ధం మొత్తం అర్థం చేసుకుని, దాన్ని తన మీద వేసుకుంది. ముప్పై ఏళ్లు అబద్ధాలు చెప్పేవాళ్ల ముఖాలు చూసిన మనిషి, అబద్ధం చెప్పేటప్పుడు రెప్ప కూడా వేయలేదు.

"ఏందిమా నువ్వు? మామ అంత చెప్పినా పోకుండా ఉండేదా?" మేనల్లుడు అక్కడే గట్టిగా కసురుకున్నాడు. అక్క తల వంచుకుంది. ఆ రోజు నుంచి నెలల తరబడి కొడుకు, కూతురు ఆమెను ఆ మాటే అంటూ వచ్చారు. నేను పక్కనే కూర్చుని వింటూ వచ్చాను.

జబ్బు అప్పటికే కాలేయానికి పాకింది. లోపల ఎంత దూరం పోయిందో చూడ్డానికి నాకు పెట్టినట్టే చిన్న రంధ్రాలు పెట్టి కెమెరా వేశారు. చూశారు, మూసేశారు. తీయడానికి వీల్లేదన్నారు.

ఆ తర్వాత రెండు రోజులు అక్క నాతో మాట్లాడలేదు. నేను పోతే గోడ వైపు తిరిగి పడుకునేది. మూడోరోజు మధ్యాహ్నం మేనల్లుడు అన్నం తేవడానికి కిందికి పోయాడు. అప్పుడు గోడ వైపు తిరిగే అడిగింది.

"చీటీ యాడుండాది?"

"ఇంట్లో. బీరువాలో."

"రేపు తీసుకురా. పిల్లోళ్లిద్దరికీ సూపియ్యాల."

తెస్తానన్నాను. కాసేపటికి ఇటు తిరిగింది. కళ్లు పొడిగా ఉన్నాయి, ఎర్రగా ఉన్నాయి.

"నాకు సెప్పుకునేదానికి నీకేం సిగ్గురా? సిన్నప్పుడు నీ ముడ్డి కడిగిందే నేను."

నేను మంచం పట్టీ మీద తల పెట్టి ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. ఏడవనిచ్చింది.

"సామి మీద ఎందుకు సేసినావు? ఒట్టి మాట సెప్పుంటే నేను నమ్మేదాన్ని గాదు గదరా."

"పొడిబట్టలతో చేసింది ప్రమాణం గాదనుకున్నానక్కా."

ఆమె ముఖంలో కోపం ఒక్క క్షణం ఎటో పోయింది. "ఇస్కూల్లో పిల్లోళ్లకి ఇదేనా నువ్వు సెప్పేది?" అంది. తర్వాత తనలో తనే అనుకున్నట్టు, "నేనూ సెప్పినాగా మేడమ్‌కి అబద్ధం. నావీ పొడిబట్టలే. పోనీలే" అంది.

పిల్లలకు నిజం చెప్పేస్తానన్నాను. వద్దంది. "ఇప్పుడు సెప్తే ఇల్లు మూడు దిక్కులైపోతాది. నన్ను లేపేదానికి, కూర్చోబెట్టేదానికి మీరు ముగ్గురూ కావాల నాకు. నేను పొయినాక నీ ఇష్టం." అక్కడితో ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. క్షమించానని కూడా అనలేదు. నేను అడగనూ లేదు.

చీటీ తెచ్చిచ్చాను. రెండు గీతల మీద వేలు పెట్టి చదువుకుంది, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ. కొడుకు, కూతురు కెమెరా పరీక్ష చేయించుకునేదాకా తన మందులు మింగనని పంతం పట్టింది. కూతురికి ఏమీ లేదు. కొడుకు పేగులో రెండు పిలకలు దొరికాయి. డాక్టరమ్మ గొట్టంలోంచే తీసిపడేసింది. వాడు ఆ సాయంత్రమే ఇంటికొచ్చి సంగటి తిన్నాడు. అది చూసి అక్క, "నాలుగు బొక్కలు నీకు, మూడు నాకు. వాడికి అదీ లేదు సూడు" అంది నాతో. ఆమె నవ్వింది. నాకు నవ్వడం చేతకాలేదు. వాడికి దక్కిందే ఆమెకూ దక్కాల్సింది. ఆ కాగితం అన్నాళ్లూ నా బీరువాలో, నా ఇన్‌కంటాక్సు కాగితాల మధ్య ఉండిపోయింది.

ఓపిక ఉన్నన్నాళ్లు మంచం మీదే గరిక కట్టింది. పోయే ముందు వారం వేళ్లు పట్టు తప్పాయి. అయినా ఎంచేది. తప్పితే విప్పేది. మూడుసార్లు విప్పి నాలుగోసారి కట్టిన కట్టను మేనకోడలి చేతికిచ్చి, "ఇది సరిగ్గా ఉండాది" అంది.

పదకొండో రోజు కర్మకు చుట్టాలంతా వచ్చారు. భోజనాలయ్యాక మేనల్లుడు అందరి ముందు నిలబడ్డాడు. వాడు మాటకారి కాదు. "మామ ముందుగానే చెప్పినాడు, మా అమ్మే వినలా. మామ దాచిన చీటీ వల్ల నేను బతికినాను" అని నా భుజం మీద కొత్త తుండు కప్పి, వంగి కాళ్లకు దణ్ణం పెట్టాడు. పెద్దవాళ్లు తలలూపారు. ఎవరో, మేనమామంటే అట్లుండాల అన్నారు. ఆ తుండు ఇంటికి తెచ్చి బీరువాలో పెట్టాను. అన్నేళ్లూ చీటీ దాగి ఉన్న అరలోనే.

మీలో ఎవరికైనా రక్తం పడితే, అది మొలలో ఇంకోటో మీరు తేల్చుకోవద్దు, సైన్సు మాస్టరు చెప్పినా నమ్మొద్దు. పోయి చూపించుకోండి. నాకు జరిగినట్టు నాలుగు చిన్న రంధ్రాలతో పోయేది ఉంటే పోతుంది. డాక్టరు ఇంటివాళ్ల కోసం చీటీ రాసిస్తే, అది మీది కాదు. వాళ్లది. ఇది చెప్పే అర్హత నాకు లేదని తెలుసు, అయినా చెబుతున్నాను.

ఇది అచ్చుకు ఇచ్చే ముందు పిల్లలకు నా నోటితో చెప్పాలనుకున్నాను. నిన్న ఆదివారం కాణిపాకం పోయాను. మేనల్లుడు చిత్తూరు నుంచి సాయంత్రానికి వస్తాడన్నారు. మేనకోడలు గుడి ముందు వాళ్లమ్మ చోట్లోనే, అదే గోనెపట్టా మీద కూర్చుని ఉంది. నేను పక్కన కూర్చున్నాను.

"ఎండలో వచ్చినావేంది మామా? నీళ్లు తాగు" అని చెంబు జరిపి, మళ్లీ గరిక చేతిలోకి తీసుకుంది. పెదాలు కదుపుతూ ఎంచుతోంది. వాళ్లమ్మలాగే.

"పాపా, ఆ చీటీ నేను మీ అమ్మకి ఇయ్యలేదు" అన్నాను.

ఆమె బొటనవేలు పోచల మీద ఆగింది.

ఆసుపత్రి మంచం మీద నేను చేసిన ప్రమాణం, ఇసబ్గోల్ పొట్టు, డాక్టరమ్మ గది, అన్నీ వరసగా చెప్పాను. ఏదీ తగ్గించలేదు. ఆమె నా వైపు చూడలేదు. గుడి మెట్ల వైపు చూస్తోంది. అటే చూస్తూ అడిగింది.

"అమ్మకి తెలుసా?"

"తెలుసు. నన్ను కాపాడేదానికే డాక్టరమ్మ ముందర అట్ల చెప్పింది."

"మేము అమ్మని అన్ని మాటలు అంటా ఉంటే, నువ్వు ఈడే ఉంటివి గదా మామా."

"ఉంటిని."

ఆమె నన్ను లేచి పొమ్మనలేదు, ఉండమనలేదు. ఎవరో భక్తుడు వచ్చి గరిక కావాలని చెయ్యి చాపాడు. ఆమె తన చేతిలోని పోచల్ని చూసుకుంది. లెక్క తప్పింది. వాటిని గోనె మీద విడివిడిగా పరిచి, చెంబులోంచి కాసిని నీళ్లు చిలకరించి, ఒకటి అని మళ్లీ మొదలుపెట్టింది.